టైల్స్ వేసిన ఇంటికి తాళం: ఇల్లు బాగుచేసుకోవటం గురించి హాస్టల్ నుంచి మా మాట



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మేం తెనాలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఆరుగురం. నలుగురం యానాదులం, ఒకడు ఎరుకల, ఒకడు సుగాలి. టైపు చేసింది ఒకరే అయినా మాట ఆరుగురిదీ. అందుకే ‘మేము’ అని రాస్తున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. తప్పులుంటే పెద్దోళ్లు దిద్దండి.

విషయం ఇల్లు. ఉన్న ఇంటిని ఎట్లా బాగుచేసుకోవాలి, దేనికి ముందు ఖర్చుపెట్టాలి, దేనికి ఆగాలి అనేది. ‘ఇదేం విషయంరా, నోటిఫికేషన్ల గురించి రాయండి, స్కాలర్‌షిప్పుల గురించి రాయండి’ అంటారేమో. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం హాస్టల్లో కరెంటు పోయింది. ఒక ఫోను చుట్టూ ఆరు తలకాయలు చేరి రీల్స్ చూస్తున్నాం. ‘ఇరవై వేలల్లో మీ హాల్ మార్చేయండి’ అని ఒక వీడియో వచ్చింది. ఒక గోడకి ముదురు రంగు, సోఫాకి కొత్త కవర్లు, మూలన ఒక మొక్క, పైనుంచి వేలాడే వెదురు దీపం. ఆ దీపం దగ్గర మాలో ఒకడు ‘ఆపరా, ఆపరా’ అని ఫోను లాక్కున్నాడు. ‘ఇది మా తాత ఊత గదరా!’

నిజమే. అడుగున వెడల్పు, పైన సన్నం, వెదురు పుల్లలు వరసగా పేర్చి తాడుతో అల్లింది. మోకాలి లోతు నీళ్లలో చేప మీద బోర్లించి, పైనుంచి చెయ్యి పెట్టి పట్టే ఊత లాగే ఉంది. దాంట్లో ఒక బల్బు పెట్టి పద్దెనిమిది వందల చిల్లర ధర వేశారు. పడీపడీ నవ్వాం. ‘మీ తాత దగ్గర ఎన్నున్నాయిరా, మీరు కోటీశ్వరులే’ అని ఏడిపించాం. వాడు నవ్వుతూనే, ‘ఒక్కటీ లేదు. కొత్త ఇల్లు కట్టినప్పుడు మా అమ్మ పొయ్యిలో పెట్టేసింది. టైల్స్ ఇంట్లో అయ్యి బాగోవంట’ అన్నాడు.

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. ఆ టైల్స్ ఇంటి సంగతి మా అందరికీ తెలుసు.

వాడి ఒప్పుదలతోనే ఇది రాస్తున్నాం. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయం. రేపల్లె అవతల కాలవగట్టు మీద ఉండేవాళ్లు. కాలనీలో ప్రభుత్వ ఇల్లు వచ్చింది. గోడలు లేచాయి, శ్లాబు పడింది. లోపల ప్లాస్టరింగ్ సగమే అయింది, బాత్రూముకి తలుపు లేదు, కిటికీకి రెక్కల్లేవు. ఆ సమయంలో వాళ్ల నాయన ముందు గదికి టైల్స్ వేయించాడు, ముందు గోడకి రెండు రంగులు కొట్టించాడు, ఇనప గేటు పెట్టించాడు. కూతురికి రేపో మాపో సంబంధాలు వస్తాయి, వచ్చినోళ్లు ముందు చూసేది గేటే కదా అని ఆయన లెక్క. చేతిలో డబ్బుల్లేవు. ఒక రొయ్యల చెరువు ఆసామి దగ్గర యాభై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. కాయితం లేదు. ‘చెరువు కాపలా కాయండి, జీతంలో పట్టుకుంటా’ అన్నాడు ఆసామి.

మొగుడూ పెళ్లాం చెరువు గట్టు మీద రేకుల షెడ్డులోకి పోయారు. రాత్రి కాపలా, తెల్లారితే మేత చల్లటం, మధ్యలో ఏరేటర్లు చూసుకోవటం. ఎనిమిదో తరగతి చదివే చెల్లిని ఒక్కదాన్నే ఇంట్లో ఎట్లా వదులుతారు? ఆ పిల్లా వాళ్లతోనే పోయింది. బడి ఆగింది. రెండు పంటలు అయిపోయాయి. ఇంకా ఎంత అప్పు మిగిలిందంటే ఆసామి చెప్పిందే లెక్క. మధ్యలో జ్వరం వస్తే తీసుకున్న మూడు వేలు కూడా దాంట్లోనే కలిసింది.

పోయిన దసరాకి మావాడు ఇంటికి పోతే గేటుకి తాళం. కిటికీలోంచి చూస్తే టైల్స్ మీద దుమ్ము. ఆ రాత్రి వాళ్లమ్మ పక్కన షెడ్డులో పడుకుని తెల్లారి తెనాలి రైలెక్కాడు. హాస్టల్‌కి వచ్చాక రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు.

మా మాట ఇక్కడే చెప్పేస్తాం. ఇల్లు బాగుచేసుకోవటం మనకి తగని షోకేం కాదు. మనకీ అందమైన ఇల్లు కావాలి. అయితే ముందు ఆ ఇంట్లో ఉండేవాళ్ల కోసం ఖర్చుపెట్టాలి, ఆ తర్వాత బయటినుంచి చూసేవాళ్ల కోసం. అడ్వాన్సు తీసుకుని మాత్రం గోడకి రంగు వెయ్యొద్దు.

ఇట్లా రాయటం తేలిక. ఆ నాయన అట్లా ఎందుకు చేశాడో కూడా చూడాలి కదా. చిన్నప్పటినుంచి ఆయన ఇంటికి ఒకటే పేరు, ‘యానాది గుడిసె’. ఊళ్లో దేన్నన్నా తీసెయ్యాలంటే ఆ మాట వాడతారు. ‘ఏందిరా మీ ఇల్లు యానాది గుడిసెలాగా’ అని వేరేవాళ్లు వాళ్ల పిల్లల్ని తిట్టటం మేం చెవులారా విన్నాం. మా ఆరుగురిలో ఐదుగురం క్లాసులో స్నేహితుల్ని ఒక్కసారి కూడా ఇంటికి పిలవలేదు. ఎందుకు పిలవలేదో మీకు చెప్పక్కర్లేదు. ఆ మాట అనిపించుకున్న మనిషికి గేటు అంటే ఇనప ముక్క కాదు. ‘ఇంకెవడూ నన్ను ఆ మాట అనడు’ అనే భరోసా. ఆ కోరికని మేం తప్పుపట్టం. దాన్ని అడ్డం పెట్టుకుని మనిషిని చెరువు గట్టున కట్టేసినోణ్ణే తప్పుపడతాం.

ఇంకో సంగతి. గుడిసె అని నవ్వినోళ్లకి ఆ గుడిసెలో ఉన్న తెలివి తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ తెలియదు, ఈ మధ్యే పెద్దోళ్లని అడిగి తెలుసుకున్నాం. మన కోస్తాలో పాతకాలం చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టి గోడ, పైన గొడుగు మాదిరి తాటాకు కప్పు, చూరు దాదాపు నేలకి దిగి ఉంటుంది. వంగి లోపలికి పోవాలి. గుండ్రంగా ఉండబట్టి గాలి మూలకి తగిలి ఆగదు, చుట్టూ జారిపోతుంది. చూరు కిందికి ఉండబట్టి గాలి కిందనుంచి దూరి కప్పుని లేపటం కష్టం. మట్టి గోడ, తాటాకు మే నెల ఎండని లోపలికి రానియ్యవు. తుఫాన్లు వచ్చే నేల మీద వందల ఏళ్లు బతికినోళ్లు కట్టుకున్న ఇల్లు అది. ఇంజనీరింగ్ కాలేజీలో ఆర్కిటెక్చర్ పిల్లలు ఇప్పుడు దాన్ని పాఠంగా చదువుతున్నారు.

అట్లాగని మళ్లీ గుడిసెల్లోకి పోదాం అనటంలేదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో మట్టి ఇళ్లు, పూరిళ్లు ఎట్లా కొట్టుకుపోయాయో మన తాతలు చెప్తారు. నీళ్ల గోడ వస్తే ఏ మట్టి గోడా నిలవదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు తాటాకు కింద ఉన్నోళ్లకి శ్లాబు విలువ బాగా తెలుసు. నిప్పు భయం, పాముల భయం, రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చే ఖర్చు కూడా ఉంటాయి. శ్లాబు ఇల్లు మన హక్కు. కానీ పాత ఇంట్లో ఉన్న చల్లదనం, చూరు కింద నీడ, బయట కూర్చునే చోటు కొత్త ఇంట్లో ఎక్కడ పోయాయి? డబ్బు ఖర్చుపెట్టి మరీ వేడి పెట్టెలో ఎందుకు పడ్డాం?

ఎందుకంటే మన ఇల్లు ఎట్లా ఉండాలో మనల్ని ఎవరూ అడగలేదు. ఇది ఇయ్యాల్టి సంగతి కూడా కాదు. మాలో ఎరుకల కుర్రాడిది బాపట్ల వైపు. స్టూవర్టుపురం అక్కడికి దగ్గరే. నేరస్థ తెగల చట్టం కింద మనుషుల్ని పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, అక్కడ సెటిల్‌మెంటు పెట్టి, హాజరు పిలిచి, పాసు లేకుండా కదలనివ్వలేదు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అక్కడ ఇల్లు అంటే మనుషుల్ని లెక్కపెట్టుకునే చోటు. శ్రీహరికోటలో అడవిని నమ్ముకుని బతికిన యానాదులు 1969 తర్వాత రాకెట్ కేంద్రం కోసం చోటు మారాల్సి వచ్చింది. వాళ్లనీ ‘మీకు ఇల్లు ఎట్లా కావాలి’ అని అడిగి ఉంటే ఎంత బాగుండేది. ఇప్పుడు కాలనీల్లో అయినా వరసగా ఒకటే ప్లాను. తూర్పు వాకిలికీ పడమర వాకిలికీ కిటికీ ఒకేచోట.

కానీ ఇక్కడ మనకి తెలియని విషయం ఒకటుంది, అందుకే ఇంత రాస్తున్నాం. గ్రామాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన నిబంధనల్లో ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, వంటకి శుభ్రమైన చోటు ఉండాలి అని ఉంది. కాంట్రాక్టరుకి అప్పగించకూడదు, లబ్ధిదారే కట్టుకోవాలి అని కూడా ఉంది. అంటే కిటికీ ఎటు, తలుపు ఎటు, పంచ ఎంత అనేది ఆ ఇంటి మనిషి నిర్ణయించుకోవచ్చు. మన రాష్ట్రంలో 2020 డిసెంబర్ 25న మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’లో పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు స్థలం ఇచ్చారు. 340 చదరపు అడుగుల ఇంటికి 1 లక్షా 80 వేలు లెక్కగట్టారు. సామాన్లు తీసుకోవటం, డబ్బులు తీసుకోవటం, ప్రభుత్వమే కట్టించటం అని మూడు ఆప్షన్లు ఇచ్చారు. మనవాళ్లు చాలామంది మూడోది పెట్టారు. చేతిలో పెట్టుబడి లేకపోతే ఇంకేం పెడతారు? అప్పుడు ప్లాను కూడా వాళ్లదే అయిపోయింది.

2025 మార్చిలో, మధ్యలో ఆగిపోయిన ఇళ్లు పూర్తిచేసుకోవటానికి ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, పీవీటీజీలకు లక్ష. పీఎం జన్‌మన్ కింద పీవీటీజీల ఇంటికి 2 లక్షలా 39 వేలు వస్తుంది, మన చెంచు అన్నలకి అది వర్తిస్తుంది. యానాదులు, ఎరుకలు, సుగాలీలు పీవీటీజీ జాబితాలో లేరు, కాబట్టి మనకి 75 వేల లెక్క. పని ఎంతవరకు అయిందో చూసి విడతలుగా వేస్తారు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఆ 75 వేలు ఎక్కడ పెట్టాలి?

మేం ఆరుగురం మూడు రాత్రులు దీనిమీదే వాదించుకున్నాం. చివరికి ఈ వరస ఒప్పుకున్నాం.

ఒకటి, తలుపులు. బాత్రూముకి తలుపు, లోపల గడియ, ఒక బల్బు. ఇది అన్నిటికన్నా ముందు. మాలో ఒకడి అక్క కొత్త ఇల్లు వచ్చాక కూడా రెండేళ్లు చీకటి పడేదాకా ఆగి బయటికి పోయేది, ఎందుకంటే బాత్రూముకి పాత చీర కట్టి ఉండేది. ముందు గదికి టైల్స్ ఉన్నాయి. ఆడపిల్ల ఉన్న ఇంట్లో గడియ కన్నా పెద్ద అలంకారం లేదు.

రెండు, అటక. ఇంటి డిజైన్ వీడియోల్లో దీన్ని ‘స్టోరేజ్’ అంటున్నారు. మనకి అది సర్టిఫికెట్ల ప్రాణం. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ వచ్చింది. కొల్లూరు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. మాలో ఒకడి పదో తరగతి మెమో, కుల ధృవీకరణ పత్రం ట్రంకు పెట్టెలో ఉండి నానిపోయాయి. మళ్లీ తెచ్చుకోవటానికి ఎన్ని ఆఫీసులు తిరిగాడో వాడికే తెలుసు, అడ్మిషన్ పోయేంత పనైంది. గోడలో లింటెల్ ఎత్తున రెండు అడుగుల వెడల్పు పలక పోయించుకోండి. పోయించలేకపోతే కడప బండ పెట్టించుకోండి. అదీ కాకపోతే మన అమ్మమ్మల ఉట్టి ఉంది కదా, దాంట్లో ప్లాస్టిక్ డబ్బా పెట్టి కాయితాలు పెట్టండి. పిల్లికి అందకుండా పాలు దాచినోళ్లకి వరదకి అందకుండా మెమో దాచటం కష్టమా?

మూడు, పైకప్పు. 340 అడుగుల శ్లాబు ఇల్లు మే నెలలో పొయ్యే. 2015 మేలో వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. శ్లాబు మీద తెల్లటి పూత వేస్తే ఎండ కొంత వెనక్కి పోతుంది. లోపల రెండు డిగ్రీల దాకా తేడా వస్తుందని హైదరాబాదులో పేదల ఇళ్ల మీద చేసి చూశారు. తెలంగాణలో 2023లో దీనికోసం ఒక పాలసీయే తెచ్చారు. కంపెనీ పెయింటు కొనక్కర్లేదు. సున్నం, కొంచెం తెల్ల సిమెంటు, జిగురు కలిపి రెండు పూతలు వేస్తే చాలు. పోయిన వేసవిలో మాలో ఇద్దరి ఇళ్లకి మేమే వేశాం. కూలి మనదే కాబట్టి ఇంటికి రెండు వేలు కూడా కాలేదు. ఏడాదికోసారి మళ్లీ వెయ్యాలి. మధ్యాహ్నం ముసలివాళ్లు చెట్టు కిందకి పోకుండా ఇంట్లో పడుకుంటున్నారు, మాకు అంతకన్నా పెద్ద సర్వే అక్కర్లేదు.

నాలుగు, గాలి, వెలుతురు, చదువుకునే మూల. కిటికీకి రెక్కల్లేవని గోనెసంచి కడతాం, అప్పుడు పగలే చీకటి. కొత్తగా గోడ కట్టుకునేవాళ్లు ఒక మాట వినండి. కేరళలో లారీ బేకర్ అని పెద్ద ఆర్కిటెక్టు ఉండేవారు, 2007లో పోయారు. పేదలకి తక్కువ ఖర్చులో ఇళ్లు కట్టటమే ఆయన పని. ఇటుకల మధ్య సందులు వదిలి జాలీ గోడ కట్టేవారు. గాలి వస్తుంది, బయటివాళ్లకి లోపల కనపడదు, కిటికీ ఖర్చు మిగులుతుంది. ఇటుకని పక్కకి నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే కట్టుబడిని కూడా ఆయన బాగా వాడారు. ఇటుకలు నాలుగో వంతు దాకా మిగులుతాయి, మధ్యలో గాలి ఉండబట్టి గోడ చల్లగా ఉంటుంది. దాని పేరు చదివి మేం ఎగిరి గంతేశాం. ‘ర్యాట్ ట్రాప్ బాండ్’, అంటే ఎలకల బోను కట్టు! బడిలో మమ్మల్ని ‘ఎలకలోళ్లు’ అని వెక్కిరించిన వాళ్లకి ఇది చెప్పాలి. మన తాతలు పొలంలో ఎలకని పట్టి రైతు పంట కాపాడారు, ఆ బోను పేరుతో ఇంజనీర్లు గోడలు కడుతున్నారు.

చదువు మూల అంటే పెద్ద గది కాదు. కిటికీ పక్కన గోడకి రెండు బ్రాకెట్లు, ఒక పలక, పైన ఒక ఎల్‌ఈడీ బల్బు, దానికి వేరే స్విచ్చు. అందరూ పడుకున్నాక కూడా ఒక పిల్లో పిల్లవాడో చదువుకోవచ్చు. మా ఆరుగురం ఇంట్లో ఎక్కడ చదివామో లెక్క వేశాం. ఇద్దరం వీధి దీపం కింద, ఒకడు గుడి మండపంలో, ఒకడు చర్చి మెట్ల మీద, ఇద్దరం హాస్టలే. ఇంట్లో చదివినోడు ఒక్కడూ లేడు.

ఐదు, పంచ. ఇంటి ముందు రెండు గుంజలు పాతి తాటాకో రేకో వేసి చిన్న అరుగు కట్టుకోండి. మనం ఇంట్లో కన్నా ఇంటి ముందే ఎక్కువ బతుకుతాం. బుట్ట అల్లినా, వల బాగుచేసినా, పక్కింటి పెద్దమ్మతో మాట్లాడినా అక్కడే. కాలనీ ప్లానులో చిన్న వరండా గీసినా అది మోటారు సైకిల్‌కే సరిపోతుంది.

ఈ ఐదూ అయ్యాక రంగులు, బొమ్మలు. వీటిని చులకన చెయ్యటంలేదు. మా వాదన అంతా ఇక్కడే వేడెక్కింది. మాలో సుగాలి కుర్రాడు గట్టిగా అడ్డం తిరిగాడు. ‘మా అమ్మకి నీలం గోడ కావాలిరా. నలభై ఏళ్లు మట్టి గోడ చూసింది. గడియ, అటక అంటూ లిస్టు చదివితే ఆమెకేం సంతోషం? పేదోళ్లకి అందం అక్కర్లేదా?’ అన్నాడు. మా దగ్గర జవాబు లేకపోయింది. కాబట్టి మేం రాసుకున్న లిస్టు మార్చాం. ప్రతి ఇంట్లో ఒక గోడ, అమ్మ ఇష్టపడ్డ రంగు, మొదటి విడత డబ్బులతోనే. ఒక్క గోడకి ఒక డబ్బా రంగు చాలు, దానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

గోడ మీద ఏం పెట్టాలి? బజార్లో దొరికే జలపాతం పోస్టరు, ప్లాస్టిక్ పూలు తీసేయమని మేం చెప్పం, మీ ఇష్టం. కానీ మన ఇళ్లల్లో అటక మీదో పొయ్యి పక్కనో పడున్న సామాను ఒకసారి చూడండి. ఎరుకల అమ్మలు అల్లే గంప, చాట, తడిక. తడిక ఒకటి గుంజల మధ్య కడితే ఒక్క గది రెండు గదులవుతుంది, పట్నంలో దాన్నే ‘పార్టిషన్’ అని వేలకి అమ్ముతున్నారు. సుగాలీల అద్దాల కుట్టుపని ఉంది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే చేతిపని మన తండాల్లో అమ్మమ్మల పాత లంగా మీద ఉంది, అంచు కత్తిరించి గుడ్డ మీద కుడితే తలుపు తెర అవుతుంది. మనం ఉండే తెనాలినే చూడండి. ఇక్కడి శిల్పులు పాత బండి చైన్లు, గేర్లు, నట్లు అతికించి నిలువెత్తు విగ్రహాలు చేసి వేరే రాష్ట్రాలకి పంపుతున్నారు. ఆ పాత ఇనుమును గోతంలో ఏరుకొచ్చేది ఎవరు? మన అమ్మలే. ఏరేది మనం, అందం చేసేది వేరేవాళ్లు ఎందుకవ్వాలి? వెల్డింగ్ నేర్చుకున్న తమ్ముళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. శ్రీకాకుళం, సీతంపేట వైపు సవర అన్నల గోడ బొమ్మలు చాలా బాగుంటాయి, ఇప్పుడు టీషర్టుల మీద కూడా వేస్తున్నారు. అవి సరదా బొమ్మలు కావు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో పూర్వీకుల్ని, దేవతల్ని పిలిచి వేసేవి. వెరియర్ ఎల్విన్ 1951లో రాసిన గిరిజన కళల పుస్తకంలో కూడా వాటి గురించి ఉంది. మన గోడ మీద కావాలంటే సవర కళాకారుల దగ్గర కొనుక్కుందాం, అడిగి వేయించుకుందాం. ‘ట్రైబల్ డిజైన్’ అని గూగుల్ నుంచి దించి అతికిస్తే, మన ఊతని దీపం చేసి అమ్ముకున్నోడికీ మనకీ తేడా ఏముంది?

‘ఇవన్నీ హాస్టల్లో కూర్చుని చెప్పే మాటలు, గేటు లేకపోతే సంబంధం రాదు’ అని ఒక అన్న ఫోన్లో అన్నాడు. కావచ్చు అన్నా. మరి గేటు ఉన్న ఇంటికి తాళం వేసి, పెళ్లికూతురు చెరువు గట్టున మేత చల్లుతుంటే సంబంధం వస్తుందా? గేటు చూసి వచ్చేవాడు గేటు తుప్పుపడితే పోతాడు. పదో తరగతి పాసైన పిల్ల ఉన్న ఇల్లు, గేటు లేకపోయినా ఇల్లే.

అడ్వాన్సు గురించి ఒక్క మాట, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. అప్పు తీరేదాకా కదలకూడదని మనిషిని పనిలో కట్టేయటం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. అట్లాంటి అప్పు ఆ చట్టం ప్రకారం రద్దయిపోతుంది. కలెక్టరుకి గానీ ఆర్డీవోకి గానీ అర్జీ పెట్టొచ్చు. విచారించి విడుదల పత్రం ఇవ్వాలి, పునరావాస సాయం కూడా ఉంది. యానాదుల కోసం పెట్టిన ఐటీడీఏ నెల్లూరులో ఉంది. మనకి దూరమే, కానీ అర్జీ కాపీ అక్కడికీ పంపండి. మావాడి నాయన పేరుతో అర్జీ మేమే రాశాం. మొదట ఆయన ఒప్పుకోలేదు. ‘మాట ఇచ్చానురా, మాట తప్పితే యానాదోడు మోసం చేశాడంటారు’ అన్నాడు. ఆ మాట పోకూడదని మనిషి అంత భయపడుతున్నాడు చూడండి. చివరికి వాళ్లమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత ఆయనా వేశాడు. ఏమవుతుందో ఇంకా తెలియదు. చెల్లిని మాత్రం కస్తూర్బా బాలికా విద్యాలయంలో చేర్చటానికి మాట్లాడుతున్నాం. బడి మానేసిన ఆడపిల్లల కోసమే అవి పెట్టారు.

ఇక గ్రూపు మనుషుల్ని మేం అడిగేది మూడే.

మీ ఇంటికి అదనపు సాయం మంజూరైతే, డబ్బు పడకముందే ఇంట్లో అందరూ కూర్చోండి. అమ్మని, చెల్లిని ముందు అడగండి, ‘ఈ ఇంట్లో నీకు ఇబ్బంది ఎక్కడ?’ అని. వాళ్లు చెప్పిందే మొదటి పని.

మీ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉంటారు. శ్లాబు పడకముందే పోయి అటక, కిటికీ, పంచ గురించి అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగండి. ఇల్లు మన పేరు మీద ఉంది.

సంక్రాంతి సెలవల్లో మేం ఆరుగురం రేపల్లె, బాపట్ల వైపు కాలనీలకి వస్తాం. ఏ ఇంటికి సున్నం వెయ్యాలో, ఎక్కడ పలక బిగించాలో ఇప్పుడే రాయండి. సామాను ఖర్చు మీది, చాకిరీ మాది. డ్రిల్లింగ్ మిషన్ ఉన్న అన్నలు ఎవరన్నా ఉంటే రెండు రోజులు ఇవ్వండి.

మొదట పోయేది మాత్రం ఆ గేటు ఇంటికే. తాళంచెవి వాళ్లమ్మ కొంగున కట్టుకుని ఉంది. బాత్రూముకి తలుపు కొలతలు తీసుకొచ్చాం, తెనాలిలో పాత కలప కొట్లో ఒకటి బేరం చేసి పెట్టాం. మావాడు వాళ్ల తాతకి ఫోన్ చేసి ఒక ఊత అల్లమన్నాడు. ‘కాలవలో చేపలే లేవు గదరా, ఎందుకు?’ అన్నాడంట ఆయన. ‘లైటుకి తాతా’ అంటే చాలాసేపు నవ్వి, ‘సరే, వెదురు నువ్వే తీసుకురా’ అన్నాడంట.

మేం రాసిన వరసలో ఏది తప్పో, ఏది ముందు ఉండాలో కింద రాయండి. ముఖ్యంగా అక్కలు, చెల్లెళ్లు రాయండి. మేం ఆరుగురం మగపిల్లలమే, మాకు కనపడనివి మీకు కనపడతాయి.

జై ఆదివాసీ.